సావుకారి మేనమామ

ములకలపల్లిలో బసవపున్నయ్య కిరాణా కొట్టు వెనక గదిలో ఆయన తల్లి ఆదెమ్మ మంచం పట్టి వానాకాలమంతా గడిచిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. కొత్తగూడెం దవాఖానాలో డాక్టరు కాగితం మీద నాలుగు మందులు రాసి, "ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అన్నాడు. బాగా చూసుకోవడమంటే ఏమిటో ఇంటికొచ్చాక తెలిసింది. పక్క మార్చాలి, వీపు పుండ్లు పడకుండా ఒత్తిగిలబెట్టాలి, జావ చెంచాతో పొయ్యాలి, బట్టలు ఉతకాలి. కొట్టు తెరవాలి, కట్టాలి, మళ్లీ మొదలు. బసవపున్నయ్యకు అరవై దాటాయి. ఆయన భార్య నాగలతకు నడుము నొప్పి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా తగ్గించేశారు. మాటకు కూడా ఓపిక కావాలి కదా.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆదెమ్మ మాట కొంచెం తేటపడింది. జావ పోస్తున్న కొడుకు మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుంది.

"పుట్టింటి బట్ట" అంది.

ఆయనకు అర్థమైంది. ఈ వైపు ఏ కులంలోనైనా ఉన్నదే. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి ఒంటి మీద కప్పాలి. అది పడ్డాకే పాడె కడతారు. పుట్టింటి బట్ట లేకుండా పోయిందంటే దిక్కులేనిదై పోయిందన్నట్టు.

"నీ పుట్టింటోళ్లు ఎక్కడున్నరమ్మా? వరదలో పోయిండ్రు కదా" అన్నాడు.

ఆయన చిన్నప్పటి నుంచీ విన్న మాట అదే. తల్లిది గోదావరి ఒడ్డున ఏదో లంక ఊరనీ, పెద్ద వరదలో ఇల్లూ మనుషులూ కొట్టుకుపోయారనీ తండ్రి చెప్పేవాడు. అందుకే అమ్మమ్మ లేదు, మేనమామలు లేరు.

వెనక నుంచి నాగలత అంది. "మా అన్నయ్యతో ఒక చీర తెప్పిద్దాంలెండి. ఎవరో ఒకరు తెస్తే సరిపోతుంది."

ఆదెమ్మ తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, ఆపకుండా. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఎవరి పేరో చెప్పాలని నోరు తెరిచింది, మళ్లీ తనంతట తనే పెదవులు బిగించుకుంది. ఆ బిగించుకోవడం చూసి బసవపున్నయ్యకు మొదటిసారి అనుమానం వచ్చింది.

మర్నాడు కొట్టు నాగలతకు అప్పగించి మోపెడ్ మీద చండ్రుగొండ వెళ్లాడు. అక్కడ ఆయన మేనత్త రాఘవమ్మ ఉంటుంది. తండ్రి తరం మనుషుల్లో మిగిలింది ఆవిడొక్కతే. చెవుడు, గుండ్రటి కళ్లద్దాలు, చుట్ట. విషయం చెబితే చుట్ట నుసి రాల్చింది.

"వరదా లేదు, గోదావరీ లేదురా పున్నయ్యా. వరద నేనే పుట్టించా" అంది.

"అదేంటత్తయ్యా!"

"మరి మీ నాయనమ్మ అడిగితే ఏం చెప్పాలి? మీ నాన్న తునికాకు కంట్రాక్టరు దగ్గర గుమస్తాగా ఈ అడవిలోకి వచ్చాడు. కల్లంలో కూచుని ఆకు కట్టలు చూసుకునేవాడు. ఆకు తెచ్చే పిల్లల్లో మీ అమ్మొకత్తి. కోయోళ్ల పిల్ల. ఎండాకాలం అయ్యేసరికి ఇద్దరూ వచ్చి నా గుమ్మం ముందు నిలబడ్డారు. కోస్తా నుంచి మీ నాయనమ్మ దిగబోతోంది. మాకేమో అప్పుడే నాలుగు ఎకరాలు, పరువు. వరదొచ్చిందన్నా. వరదైతే ఎవరూ పుట్టింటికి కబురు పంపమనరు కదా."

"ఏ ఊరు అత్తయ్యా?"

"ఏదో వాగు పేరు. ఆ అడవిలో వాగు లేని ఊరేదిరా? మీ అమ్మ చెప్పదు. మీ నాన్న ఆమె చేత ఒట్టు వేయించాడు, నీ తల మీద చెయ్యి పెట్టించి. నువ్వప్పుడు పొత్తిళ్లలో ఉన్నావు."

ఆవిడ మజ్జిగ ఇస్తే తాగాడు. తిరిగి వచ్చేదారిలో టేకు తోట పక్కన మోపెడ్ ఆపి కాసేపు ఊరికే కూచున్నాడు. కోపం రావాలి, రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. వీపు నొప్పి పుట్టింది, అంతే. నలభై ఏళ్లుగా కొట్టు మెట్ల మీద కూచునే మనుషుల్ని ఆయన 'కోయోళ్లు' అనే అన్నాడు. 'కోయోళ్ల బేరం' అన్నాడు, 'కోయోళ్ల సంత' అన్నాడు. గల్లా పెట్టె వెనకాల తల్లి ఆ మాటలన్నీ వింటూ కూచునేది.

వాగు పేరున్న గూడేలు లెక్క పెడితే చేతి వేళ్లు చాలవు. ఏ ఊరికని పోతాడు? పోయి, మీ ఊరి నుంచి అరవై ఏళ్ల కింద ఒక పిల్ల లేచిపోయిందా అని అడుగుతాడా?

దారి అన్నం ముందు దొరికింది. ఆ రాత్రి నాగలత చిక్కుడుకాయ కూర వండింది. కొత్త కాయ. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"అమ్మ చిక్కుడుకాయ ఎప్పుడు తినేది?"

నాగలత చిరాకు పడింది. "ఇప్పుడెందుకండీ ఆ గొడవ? కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా. కొత్త కాయ వండితే ముట్టదు. వాతం అంటుంది. ఒకనాడు ఉన్నట్టుండి, చిక్కుడుకాయ వండవే అంటుంది. అప్పుడు వాతం ఎటు పోతుందో. మామిడికాయకూ అంతే."

వాతం కాదని ఆయనకిప్పుడు తెలిసింది. కోయ గూడేల్లో కొత్త పంట దేవతకు పెట్టనిదే మనిషి నోట పెట్టడు. చిక్కుడుకు ఒక పండుగ, మామిడికి ఒక పండుగ. అన్ని ఊళ్లకూ ఒకే రోజు కాదు. ఏ ఊరి పెద్దలు ఆ ఊరికి రోజు చెప్పుకుంటారు. అవన్నీ కిరాణా కొట్టువాడికి తెలిసినట్టు ఎవరికీ తెలియవు. పండుగ ముందు రోజు ఊరు ఊరంతా వచ్చి బెల్లం, కొబ్బరికాయలు, అగరబత్తీలు, పసుపు కొంటుంది. సరుకు తెప్పించుకోవాలి కాబట్టి ఆయన ఆ రోజుల్ని కనిపెట్టి ఉంటాడు.

"అమ్మ అట్ల వండమనేముందు కొట్లో ఎవరొచ్చేవాళ్లు? గుర్తు చేసుకో."

నాగలత చెయ్యి కడుక్కుంటూ ఆలోచించింది. "ఎవరొచ్చేవాళ్లో నాకేం తెలుసు. కానీ రోజూ అడిగేది మాత్రం ఒకటే. తునికివాగోళ్లు వచ్చిండ్రా, తునికివాగోళ్లు వచ్చిండ్రా అని. బాకీ ఉన్నారేమో అనుకునేదాన్ని."

తునికివాగు. ఆ ఊరి జంపయ్య సంతకొస్తే కొట్టు మెట్ల మీద కూచునేవాడు. ఏమీ కొనకపోయినా కూచునేవాడు. తల్లి ఆయనకు గాజు గ్లాసులో చాయ్ ఇచ్చేది. "ప్రతోనికీ చాయ్ పోసుకుంట పోతే కొట్టు మునుగుతదమ్మా" అని బసవపున్నయ్య ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు కూడా. జంపయ్య గ్లాసు తనే కడిగి మెట్టు మీద బోర్లించి పోయేవాడు.

తునికివాగుకు తారు రోడ్డు సగం దాకే ఉంది. మిగతాది మోపెడ్ నడిపించుకుంటూ పోవాలి. జంపయ్య ఇంటి ముందు ఆయన కూతురు కళావతి వడ్లు ఎండబోస్తోంది. నలభై అయిదేళ్ల మనిషి, ఒకసారి వార్డు మెంబరుగా చేసింది. మాటకు మాట అప్పజెప్పడంలో పేరుంది.

"ఏంది సావుకారీ, తొవ్వ తప్పినవా?" అంది.

"మీ నాయిన ఉన్నడా?"

"ఉన్నడు. ఏం పని?"

చెప్పడం ఆయనకు చేతకాలేదు. నిలబడి, చెమట తుడుచుకుని, అడ్డదిడ్డంగా చెప్పాడు. తల్లి, ఆకు కల్లం, వరద, చిక్కుడుకాయ. కళావతి ఆశ్చర్యపోలేదు. చేతిలో పార నేలకు ఆనించి వింది.

"అయితే నేను నీకు మరదల్నన్నట్టు" అంది. "ఇప్పపువ్వు తూకంల కొట్టేటప్పుడు యాదికి రాకపాయెనా బావా?"

బసవపున్నయ్య తల దించుకున్నాడు. వాకిట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు.

"అసలు సంగతి చెప్పు" అంది కళావతి, నవ్వు ఆపి. "ఎస్టీ సర్టిఫికెట్ కోసమేనా? నీ కొట్టు జాగ మీద నోటీసు వచ్చిందని విన్నం. ఏజెన్సీల బయటోళ్లకు జాగ చెల్లదని తెలిసిన కాంచి ఒక్కొక్కరికీ కోయ తల్లులు యాదికొస్తాండ్రు."

"కాదు. నాకు కాయితం అక్కర లేదు. జాగ పోతే పోతది. అమ్మకు బట్ట కావాలె, అంతే."

"అందరూ గట్లనే అంటరు."

లోపలి నుంచి జంపయ్య వచ్చాడు. కర్ర పట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి. వాకిట్లో మంచం మీద కూచుని, బసవపున్నయ్యను కూచోమనలేదు.

"అక్క పానం ఎట్లున్నది?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఇంకేమీ అడిగే పని లేకుండా పోయింది. జంపయ్యకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. అక్కను చూసుకోవడానికే సంత సంతకూ వచ్చి మెట్ల మీద కూచున్నాడు.

"బాగలేదు మామా. పుట్టింటి బట్ట అడుగుతాంది."

మామా అన్న మాట ఆయన నోటి నుంచి ఎట్లా వచ్చిందో వచ్చింది. జంపయ్య దాన్ని పట్టించుకోలేదు.

"బట్ట ఎప్పుడో ఇచ్చినం" అన్నాడు. "అక్క ఇల్లిడిచి పోయిన నాడే మా అయ్య దినం చేసిండు. చీర తెచ్చి, ఖాళీ చాప మీద పరిచి, కప్పి, ఊరికి కల్లు పోసిండు. నా బిడ్డ సచ్చిపోయింది అన్నడు. సచ్చినోళ్లకు ఒక్కసారే బట్ట. రెండోసారి ఇస్తే మొదటిది అబద్ధమన్నట్టు. అయ్య మాటను నేనెట్ల అబద్ధం చేయాలె?"

"అమ్మ బతికే ఉన్నది కదా మామా."

"నాకు తెల్వదా? ఆమె చేతి చాయ్ తాగినోన్ని."

ఎండ నెత్తి మీదికి వచ్చింది. వడ్ల మీద కోళ్లు పడుతుంటే కళావతి అదిలించింది. బసవపున్నయ్యకు కాళ్లు లాగుతున్నాయి. పక్కనున్న రోలు మీద, ఎవరూ అనకుండానే కూలబడ్డాడు.

అప్పుడు మాట్లాడింది కళావతే. "అయ్యా, సచ్చినామెకు ఇయ్యకు. బతికున్న అక్కకు తమ్ముడు చీర పెడితే ఎవడు కాదంటడు? కట్టుకుంటది. కట్టుకున్న చీరతోని పోతే పోతది."

జంపయ్య కర్రతో నేల మీద ఒక గీత గీశాడు. "గట్లయితే చెల్లుతది" అన్నాడు. "కానీ పానం పోయేటప్పుడు అది ఒంటి మీద ఉండాలె. పోయినంక కప్పితే అయ్య మాట దాటినట్టే. గప్పుడు నేను సావుకు రాను. మా ఊరోళ్లెవరూ రారు."

"ఒంటి మీదనే ఉంచుత మామా."

"నాదొకటున్నది" అంది కళావతి. "ఇన్నేండ్లు మేం నీ కొట్టు మెట్ల మీదనే కూసున్నం. ఆ చీర పెట్టేది మెట్ల మీదనా, లోపలనా?"

"లోపలనే."

"దొడ్డి తలుపు కాంచి తోలుకపోతవా?"

"ముందల కాంచే. సంత రోజే రాండి."

ఇంటికొచ్చి చెబితే నాగలత మంచం పట్టె మీద కూచుండిపోయింది. "బజారంతా చూస్తుంది కదండీ" అంది.

"చూడనీ."

"మా అన్నయ్య వాళ్లకేం చెప్పాలి?"

"వరదలో కొట్టుకపోయినోళ్లు ఒడ్డుకొచ్చిండ్రని చెప్పు."

ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు అది. ఆ వెంటనే లేచి, లోపలి గదిలో ఎంతమందికి చాప పడుతుందో చూడటానికి వెళ్లింది.

సంత రోజున జంపయ్య, కళావతి, ఇంకో నలుగురు వచ్చారు. బజార్లోనే మంగీలాల్ బట్టల కొట్లో చీర బేరం చేశారు. పసుపు నూలు చీర, ఎర్ర అంచు. అది పట్టుకుని బసవపున్నయ్య కొట్టు మెట్లెక్కి, అలవాటు కొద్దీ అక్కడే ఆగారు. ఆయన గల్లా వదిలి ముందుకొచ్చి జంపయ్య చెయ్యి పట్టుకున్నాడు.

వెనకే తమాషా చూద్దామని వచ్చిన మంగీలాల్ అడిగాడు. "ఏం పున్నయ్య సేటు, చుట్టాలా?"

"అవ్. మా మేనమామ."

కొట్లో సరుకులకొచ్చినవాళ్లు తలలు తిప్పి చూశారు. బసవపున్నయ్యకు చెవులు వేడెక్కాయి. అంతకు మించి ఏమీ కాలేదు. ఉప్పు ప్యాకెట్ అడిగినామె మళ్లీ ఉప్పు ప్యాకెట్ అడిగింది.

లోపల కళావతి, నాగలత కలిసి ఆదెమ్మకు ఆ చీర చుట్టారు. ముసలామె తమ్ముడి వైపు చూసి ముద్ద మాటతో ఏదో అంది. తెలుగు కాదు. కొడుకు పుట్టాక ఆమె నోట ఆ భాష ఇంట్లో వినబడటం అదే మొదలు. జంపయ్య పళ్లు లేని నోటితో నవ్వాడు.

"ఏమన్నది మామా?"

"ముసలోనివైనవురా అంటాంది."

అందరూ అన్నాలు తిన్నారు. వెళ్లేటప్పుడు జంపయ్య గుమ్మం దగ్గర మళ్లీ చెప్పాడు. "ఒంటి మీద ఉండాలె."

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. మనిషి పోలేదు. చీర కట్టుకున్న సంతోషమో ఏమో, ఆదెమ్మ జావ రెండు చెంచాలు ఎక్కువే తాగింది. మంచంలోనే అన్నీ అయ్యే మనిషి. చీర పొద్దున్నే పాడయ్యేది. విప్పాలి, ఉతకాలి, పిండాలి, ఆరెయ్యాలి, మళ్లీ కట్టాలి. చలికాలపు ఎండకు నూలు చీర తొందరగా ఆరదు. ఆరేదాకా పాత చీర చుట్టి, మొగుడో పెళ్లామో ఒకరు మంచం పక్కనే కూచుని ముసలామె ఛాతీ లేచి పడుతోందా అని చూస్తుండాలి. వర్షం పట్టిన రోజు నాగలత పొయ్యి మీద చీర పట్టుకుని నిలబడి ఆరబెట్టింది.

"రెండు ముక్కలు చేస్తే ఒకటి కట్టి ఒకటి ఉతకొచ్చు కదండీ" అంది.

"ముక్క అయితే చీర ఎట్లయితది?"

"మీరు ఉతికి చూడండి ఒక్కరోజు."

మరుసటి రోజు ఆయనే ఉతికాడు. ఆ తర్వాత ఒకరోజు ఆమె, ఒకరోజు ఆయన. అమ్మ తొందరగా పోతే బాగుండును అన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది. ఇద్దరూ పైకి అనలేదు. రాయి మీద చీర బాదేటప్పుడు ఆ ఆలోచన వచ్చేది, వచ్చినందుకు ఇంకో రెండు దెబ్బలు గట్టిగా పడేవి.

సంక్రాంతి సరుకు దిగిన వారంలో, మధ్యాహ్నం, కొట్టు నిండా జనం ఉన్నప్పుడు లోపలి నుంచి నాగలత కేకేసింది. "ఏవండీ!"

చక్కెర సగం పోసిన పొట్లం కాటా మీదే వదిలి ఆయన పరిగెత్తాడు. తల్లి కళ్లు పైకి తేలాయి. గొంతులో గురక. ఒంటి మీద పాత నీలం చీర ఉంది.

"చీరేది?"

"ఇప్పుడే జాడించా. బకెట్లో ఉంది!"

దొడ్లోకి పోయి బకెట్లోంచి లాగాడు. పిండే వ్యవధి లేదు. నీళ్లు కారుతున్న చీర గుమ్మంలో, గచ్చు మీద, తన కాళ్ల మీద ఈడ్చుకుంటూ తెచ్చాడు. నాగలత పాతది లాగేసింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని మెడ దగ్గర నుంచి పాదాల దాకా పరిచారు. ఆయన చూపంతా చీర మీదే ఉంది. అంచు సరిగ్గా పడిందా, భుజం మీదికి వచ్చిందా అని సర్ది, తలెత్తేసరికి గురక ఆగిపోయి ఉంది.

ఎప్పుడు ఆగిందో ఆయన చూడలేదు.

కబురందుకుని సాయంత్రానికి తునికివాగు ఆటోలు రెండు వచ్చి కొట్టు ముందు ఆగాయి. జంపయ్య నేరుగా లోపలికి వెళ్లి అక్క పక్కన కూచున్నాడు. చీర చెంగు చేతిలోకి తీసుకున్నాడు.

"తడి ఉన్నది" అన్నాడు.

"ఉతికినం మామా. అప్పుడే ఉతికినం."

"కప్పేటప్పుడు ఊపిరున్నదా?"

గదిలో అందరూ బసవపున్నయ్య వైపే చూశారు. ఉన్నది అంటే సరిపోతుంది. ఆయన నోరు తెరిచాడు. ఇంత దూరం వచ్చి, చివరి మాట అబద్ధం ఆడాలనిపించలేదు. ఒక వరద చాలు.

"నేను చూడలేదు మామా. చీర సర్దుకుంట ఉన్న. నాకు తెల్వదు."

జంపయ్య చేతిలోంచి చెంగు జారింది. ఆయన లేవడానికి కర్ర కోసం వెతుకుతున్నాడు.

"నేను చూశా బాబాయి గారూ" అంది నాగలత. గోడకు ఆనుకుని ఉంది, తడిసిన చీరతోనే. "చల్లటి నీళ్లు తగలగానే ఉలిక్కిపడింది. ఎడమ చెయ్యి లేపి అంచు పట్టుకుంది. అప్పుడు విడిచింది ఊపిరి. నేను ఆమె మొహంలో మొహం పెట్టి ఉన్నా."

కళావతి ఆమె దగ్గరికి వెళ్లి కళ్లలోకి చూసింది. "నిజమేనా అక్కా?"

"ఇన్ని నెలలు ఆమె ఊపిరి చూసుకుంటూ కూచున్నదాన్ని. నాకు తెలీదా?"

కళావతి వంగి, చీర పైన కప్పి ఉన్న దుప్పటి తొలగించింది. ఆదెమ్మ ఎడమ చేతి వేళ్లు ఎర్ర అంచు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. జంపయ్య చూశాడు. కర్ర పక్కన పడేసి, మళ్లీ చతికిలబడి, అప్పుడు ఏడ్చాడు. ఆ వెంట తునికివాగు ఆడవాళ్లు వాళ్ల భాషలో శోకం అందుకున్నారు. అందులో ఒక్క ముక్క కూడా బసవపున్నయ్యకు అర్థం కాలేదు. మధ్యలో తల్లి పేరు మాత్రం తెలిసింది. గుమ్మానికి ఆనుకుని కూచుని కళ్లు మూసుకున్నాడు.

ఎవరో భుజం తట్టారు. కళావతి.

"బావా, గిట్ల కూసుంటే ఎట్ల? పొయ్యి ముట్టియ్యి, నీళ్లు కాగబెట్టాలె. పొద్దు గూకుతాంది."

ఆయన గోడ పట్టుకుని లేచాడు.